చేతితో చెక్కిన రైఫిల్ స్టాక్‌కు 7,800 డాలర్లు న్యాయమేనా?

టెక్సాస్ నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. ఆయన దగ్గర పాత మౌజర్ 98 యాక్షన్ (గుండు పేలే ఉక్కు భాగం) మీద కట్టిన, .30-06 తూటా వాడే వేట రైఫిల్ ఒకటి ఉంది. దాని స్టాక్, అంటే భుజానికి ఆనించి పట్టుకునే చెక్క భాగం, పిడి దగ్గర చీలింది. చేతితో కొత్త స్టాక్ చెక్కి ఇవ్వడానికి ఒక పనివాడు చెక్క ఖరీదుతో కలిపి 7,800 డాలర్లు, 14 నెలల గడువు అడిగాడు. అదే రైఫిల్‌కు యంత్రం మీద 90 శాతం చెక్కి వదిలిన వాల్‌నట్ స్టాక్ 300 డాలర్లకు, సింథటిక్ స్టాక్ అందులో సగానికి దొరుకుతున్నాయి. "ఇంత తేడాకు నిజంగా అర్థం ఉందా, లేక పేరుకు డబ్బు కట్టడమేనా? మన వైపు మంచి వడ్రంగి చేత చేయిస్తే కుదరదా?" అని ఆయన అడిగారు.

సూటిగా చెబుతాను. ఆ ధర మోసం కాదు. పనికి పట్టే గంటలు లెక్క వేస్తే ఆ పనివాడికి మిగిలేది తక్కువే. అయితే గుళ్ళు ఇంకాస్త దగ్గరగా పడతాయన్న ఆశతో మాత్రం ఆ డబ్బు పెట్టకండి. సరిగా బెడ్డింగ్ చేసిన, అంటే యాక్షన్ కదలకుండా కూర్చునేలా బిగించిన, సింథటిక్ స్టాక్ గురి విషయంలో చెక్కకు ఏ మాత్రమూ తీసిపోదు, వానలో అయితే చెక్క కంటే నిలకడగా ఉంటుంది. మీరు కట్టే 7,800 డాలర్లు మూడింటి కోసం: స్టాక్ రెండు తరాలపాటు పగలకుండా ఉండటం, అది మీ ఒంటికి సరిపోవడం, చూసిన ప్రతిసారీ కంటికి ఇంపుగా ఉండటం. వీటిలో మొదటి రెండూ అంతకంటే చాలా తక్కువ ధరకు కూడా దొరుకుతాయి. అదెలాగో కింద చెబుతాను.

నేను కొలరాడోలో 23 ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. మా నాన్నగారు తణుకు దగ్గర ఒక పల్లెలో తలుపులూ ద్వారబంధాలూ చేసిన వడ్రంగి. ఉలికి పదును పట్టడం, చెక్క నార ఎటు నడుస్తుందో వేలితో తడిమి చెప్పడం ఆయన దగ్గర నేర్చుకున్నవి. తుపాకీ పని ఈ దేశానికి వచ్చాక నేర్చుకున్నది.

ముందు గంటల లెక్క చూడండి. ఏ పనికి ఎంత సేపు పట్టిందో నోటు పుస్తకంలో రాసుకోవడం నాకు మొదటి నుంచీ అలవాటు. మీ రైఫిల్ లాంటి, చేతితో గడియ లాగి తూటా ఎక్కించే బోల్ట్ యాక్షన్‌కు ఒక స్టాక్ మొదలు పెడితే, పలక మీద గీతలు గీసి మోటుగా కోయడానికి 8 గంటలు, యాక్షన్‌నూ బ్యారెల్‌నూ చెక్కలో పొదగడానికి 36 గంటలు, బయటి ఆకారం తీయడానికి 22 గంటలు, మడమకు (భుజానికి ఆనే కొనకు) ఉక్కు పలక, పిడికి టోపీ, ముందు కొనకు నల్లచేవ ముక్క, పట్టీ కొక్కేలు బిగించడానికి 20 గంటలు, నునుపు తీసి నూనె పట్టించడానికి 26 గంటలు, పిడి మీద గళ్ళు చెక్కడానికి 38 గంటలు పడుతున్నాయి. మొత్తం 150 గంటలు. చెక్కకు 1,100 డాలర్లు తీసేస్తే మిగిలిన 6,700 డాలర్లను 150తో భాగించండి, గంటకు 45 డాలర్లు కూడా రాదు. అందులోనే షెడ్డు అద్దె, పనిముట్లు, బీమా, పన్ను, లైసెన్సు ఖర్చు పోవాలి. లైసెన్సు ఎందుకంటే, 1968 నాటి ఇక్కడి తుపాకుల చట్టం ప్రకారం వృత్తిగా తుపాకీలకు ప్రత్యేకమైన స్టాకులు బిగించేవాడు కూడా డీలరు కిందికే వస్తాడు. మీ ఊళ్ళో కారు బాగుచేసే షాపు గంటకు ఎంత తీసుకుంటుందో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.

అందుచేత అసలు ప్రశ్న ధర న్యాయమా కాదా అన్నది కాదు. ఆ 150 గంటల్లో మీకు పనికొచ్చేవి ఏవి, కేవలం కంటికి ఇంపైనవి ఏవి అన్నదే చూడాలి.

చెక్క సంగతి. మంచి స్టాకులకు వాడేది వాల్‌నట్, అంటే మన అక్రోటు చెట్టు చేవ. బరువు తక్కువ, గట్టిదనం ఎక్కువ, ఆరిన తరువాత వంకర తిరగడం తక్కువ, ఉలికి మెత్తగా లొంగుతుంది, సన్నటి గళ్ళు చెక్కినా అంచు రాలిపోదు. ఇన్ని గుణాలు ఒకే చెక్కలో ఉండటం అరుదు. సర్కాసియన్, టర్కిష్, ఫ్రెంచి, ఇంగ్లీషు అని రకరకాల పేర్లతో అమ్మేదంతా ఒకే జాతి చెట్టు, నేలను బట్టీ వాతావరణాన్ని బట్టీ రంగూ చారలూ మారతాయంతే. కాశ్మీరులో చెక్కడాలకు వాడేది కూడా ఆ జాతే. అమెరికా నల్ల వాల్‌నట్ వేరే జాతి, కొంచెం పెళుసు, కాని చవక. కాలిఫోర్నియాలో దొరికే క్లారో వాల్‌నట్ మరో జాతి. చూడటానికి అద్భుతం, కాని నార వదులుగా ఉంటుంది, సన్నటి గళ్ళకు ఓర్చుకోదు.

ధర తేడా ఎక్కడ వస్తుందంటే, నేను కొన్న వాటిలో నిలువు నార ఉన్న మామూలు నల్ల వాల్‌నట్ పలక 150 నుంచి 200 డాలర్లు; చారలు బాగా ఉన్న ఇంగ్లీషు వాల్‌నట్ పలక 800 నుంచి 1,500 డాలర్లు. ప్రదర్శనకు పెట్టే స్థాయి పలకలు అంతకు ఎన్నో రెట్లు పలుకుతాయి. చిత్రమైన చారలు మొదలు దగ్గరా, కొమ్మ చీలే చోటా మాత్రమే వస్తాయి. అవి రావాలంటే చెట్టు ముసలిదై ఉండాలి. కాని స్టాకుకు కావలసింది ఒళ్ళంతా చారలు కాదు. మడమ వైపు ఎంత చిత్రమైన చార అయినా ఉండవచ్చు. పిడి దగ్గర మాత్రం నార పిడి వంపును అనుసరించి, అటు నుంచి ఇటు తెగకుండా నడవాలి. బ్యారెల్ కింద సాగే ముందు భాగంలో నార తిన్నగా ఉండాలి, లేకపోతే గాలిలో తేమ మారినప్పుడల్లా అది ఒక పక్కకు తిరిగి బ్యారెల్‌ను నెడుతుంది. ఒకే పలకలో ఈ మూడూ సరైన చోట్ల పడటం అదృష్టం. ఆ అదృష్టానికే మీరు ధర కడతారు.

దీని మీద నా చెయ్యి కాలిన అనుభవం ఒకటి ఉంది. ఈ పనిలోకి వచ్చిన నాలుగో ఏడు, ఒక ఆసామి కొమ్మ చీలిక దగ్గర కోసిన క్లారో పలక తానే కొని తెచ్చి, ఆ ఈకలాంటి చార పిడి దాకా రావాలని పట్టుబట్టాడు. వద్దని చెప్పాను కాని గట్టిగా చెప్పలేదు, ఎందుకంటే ఆ చెక్క అందం చూసి నాకూ మనసు లాగింది. రెండో వేట కాలంలో ఆయన గుర్రం దిగుతూ జారాడు, రైఫిల్ కింద పడింది, పిడి దగ్గర స్టాక్ రెండు ముక్కలైంది. విరిగిన ముఖం చూస్తే నార అంతా అడ్డంగా తెగి, కోసిన బిస్కెట్టులా ఉంది. అందులో తప్పు నాదే. అప్పటి నుంచీ పిడి దగ్గర నార సరిగా లేని పలకను ఎవరు తెచ్చినా పని ఒప్పుకోను.

పలక ఆరడం కూడా ఖర్చే. అంగుళం మందానికి ఏడాది అని ఒక మోటు లెక్క. స్టాక్ పలక రెండున్నర నుంచి మూడు అంగుళాల మందం ఉంటుంది. కొనలకు మైనం పూసి నీడలో ఉంచుతాం, లేకపోతే కొనలు ముందు ఆరి నెర్రెలు విచ్చుతాయి. నా షెడ్డులో ప్రతి పలక మీదా పెన్సిలుతో తేదీ, బరువు రాసి ఉంటాయి. రెండు నెలలకోసారి వంటింటి త్రాసు మీద పెట్టి తూస్తాను. ఏడాది పొడుగునా బరువు మారని పలకనే పనికి తీస్తాను. మా ఇంటావిడకు ఆ త్రాసు ఎప్పుడు ఎక్కడ ఉంటుందో ఈ రోజుకూ తెలియదు.

పొదగడం. డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే, బయటికి కనిపించనిదీ ఇదే. యాక్షన్ అంటే గుండు పేలే ఉక్కు భాగం. అది చెక్కలో ఎలా కూర్చుంటుందన్న దాని మీదే స్టాక్ బ్రతుకు ఆధారపడి ఉంటుంది. మౌజర్ 98లో యాక్షన్ ముందు భాగం కింద ఒక ఉక్కు మెట్టు ఉంటుంది, దాన్ని రికాయిల్ లగ్ అంటారు. తుపాకీ వెనక్కి తన్నినప్పుడు ఆ దెబ్బనంతా చెక్కకు అందించేది అదే. దాని వెనక ముఖం పూర్తిగా, సమానంగా చెక్కకు ఆనాలి. ఒక మూల మాత్రమే ఆనితే ఆ మూల చెక్క నలిగి, యాక్షన్ ప్రతి పేలుడుకూ వెంట్రుకవాసి వెనక్కి జరుగుతుంది. అలా జరిగి జరిగి యాక్షన్ తోక, అంటే ట్యాంగ్, పిడి మొదట్లో చెక్కను మేకులా చీలుస్తుంది. అందుకే ముందు లగ్ గట్టిగా ఆనాలి, వెనక ట్యాంగ్ చివర మాత్రం కాగితం దూరేంత సందు ఉండాలి. ముందు కొంచెం వదులు, వెనక కొంచెం బిగువు అయితే ఆ స్టాక్ ఏదో ఒక రోజు చీలి తీరుతుంది. మీ పాత స్టాక్ పిడి దగ్గర చీలడానికి కారణం నూటికి తొంభై పాళ్ళు ఇదే అయి ఉంటుందని నా అనుమానం.

ఆ అతుకు ఎలా కుదురుతుందంటే, ఉక్కు మీద మసి పూస్తాం. పాతకాలపు లండన్ పనివాళ్ళు దీపం సెగ మీద ఉక్కును తిప్పి మసి పట్టించేవారు. మన ఇళ్ళలో ఆముదం దీపం మీద కాటుక పట్టడం చూసినవారికి ఇది కొత్త కాదు. నేను మసిని నూనెలో కలిపి కుంచెతో పల్చగా రాస్తాను. మసి రాసిన యాక్షన్‌ను చెక్కలోకి నిలువుగా దించి, పైన చెయ్యి పెట్టి ఒక్కసారి నొక్కి, మళ్ళీ నిలువుగా ఎత్తుతాను. మసి అంటిన చోటు ఎత్తుగా ఉన్నట్టు. అక్కడ మాత్రమే ఉలితో, కాగితం కంటే పల్చని పొర గీకుతాను. మళ్ళీ మసి, మళ్ళీ దించడం, మళ్ళీ గీకడం. మొదట్లో మసి నాలుగైదు చోట్ల చుక్కల్లా పడుతుంది. రెండు వందల సార్లు దించి ఎత్తాక అడుగంతా బూడిద రంగు తెరలా సమానంగా పడుతుంది. అప్పుడు ఉక్కూ చెక్కా కలిసే గీత దగ్గర గోరు కూడా ఆగదు. తొందరపడి ఒక్క చోట అర మిల్లీమీటరు ఎక్కువ తీస్తే దాన్ని తిరిగి పెట్టే మార్గం లేదు. ఆ ముప్ఫై ఆరు గంటలు పట్టేది ఇందుకే.

ఇక్కడ ఒక మినహాయింపు నిజాయతీగా చెప్పాలి. ఇదే బలాన్ని ఎపాక్సీ (ఆరాక రాయిలా గట్టిపడే జిగురు) బెడ్డింగ్‌తో ఆరేడు గంటల్లో సాధించవచ్చు. లగ్ వెనకా యాక్షన్ కిందా చెక్కను కొంచెం ఎక్కువగా తీసి, ఉక్కుకు అంటకుండా పూత రాసి, ఎపాక్సీ పోసి బిగిస్తే అది ఉక్కు ఆకారాన్ని అచ్చు గుద్దినట్టు పట్టుకుంటుంది. తేమకు ఉబ్బదు, నలగదు. భారీ తూటాలు పేల్చే రైఫిళ్ళకు నేను కూడా చేతితో పొదిగిన తరువాత లగ్ వెనక ఎపాక్సీ వేస్తాను. అది చూసి మొహం చిట్లించే పనివాళ్ళు ఉన్నారు. నా అభిప్రాయంలో అది పట్టుదల తప్ప పనితనం కాదు.

300 డాలర్ల స్టాక్ సంగతేమిటి? దాని వెనక రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. 1819లో థామస్ బ్లాంచర్డ్ అనే అమెరికన్ ఒక మాతృకను తడుముతూ అదే ఆకారాన్ని చెక్కలో కోసే లేతు యంత్రానికి పేటెంటు పొందాడు. మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాలలో సైన్యపు తుపాకీల స్టాకులకు అది వాడుకలోకి వచ్చింది. ఈనాటి డూప్లికేటర్లు దాని మనవలే. మీరు చూసిన 300 డాలర్ల స్టాక్ అలాంటి యంత్రం మీద కోసినదే. తిరిగే కత్తికి ఒక గుండ్రటి చుట్టుకొలత ఉంటుంది కనుక అది లోపలి మూలలను చతురస్రంగా కోయలేదు. పైగా ప్రతి పాత మౌజర్ కొలతలూ కొంచెం కొంచెం తేడాగా ఉంటాయి, కాబట్టి అమ్మేవాళ్ళు కావాలనే కొంత చెక్క వదిలేస్తారు. ఆ మిగిలిన 10 శాతం కనిపించినంత చిన్న పని కాదు. నా 150 గంటల్లో అది 30, 35 గంటలు మాత్రమే ఆదా చేస్తుంది. అయినా చేతిలో ఉలి పట్టే ఓపిక ఉన్నవారికి అది మంచి బేరం.

నాణ్యత ఖరీదును కంపెనీలు ఎలా లెక్క కడతాయో చెప్పడానికి వించెస్టర్ మోడల్ 70 కంటే మంచి ఉదాహరణ లేదు. 1936లో వచ్చిన ఆ రైఫిల్‌లో చేతిపని ఎక్కువ. కూలి పెరిగి గిట్టుబాటు కాక 1964లో దాన్ని మార్చారు. ఉలితో కోసే గళ్ళ స్థానంలో వేడి అచ్చుతో నొక్కిన గళ్ళు వచ్చాయి, బ్యారెల్ పక్కన చెక్కకూ ఉక్కుకూ మధ్య కంటికి కనిపించేంత సందు వచ్చింది. ఆ రైఫిళ్ళు బాగానే పేలాయి. కాని కొనేవాళ్ళు ఒప్పుకోలేదు, ఈ రోజుకూ పాత రైఫిళ్ళ సంతలో "64కు ముందుదా, తరువాతదా" అన్నదే మొదటి ప్రశ్న, దాన్ని బట్టే ధర. కనిపించకుండా పొదిగిన చోటును ఎవరూ విప్పి చూడరు, కనిపించే గళ్ళను మాత్రం ప్రతివాడూ తడిమి చూస్తాడు. అమ్మకం అలా ఉంటుంది.

మరోవైపు, సింథటిక్‌ను చిన్నచూపు చూడటం కూడా పొరపాటే. అమెరికా మెరైన్ దళం వియత్నాంలో చెక్క స్టాకుల ఎం40 స్నైపర్ రైఫిళ్ళతో తేమ వల్ల నానా అవస్థా పడింది. చెక్క ఉబ్బి వంగి బ్యారెల్‌కు తగిలేది. తరువాత 1970ల్లో వచ్చిన ఎం40ఏ1కు ఫైబర్‌గ్లాస్ స్టాక్ పెట్టారు. చెక్క నార వెంబడి దాదాపు పెరగదు, నారకు అడ్డంగా మాత్రం ఉబ్బుతుంది, కుదించుకుంటుంది. గాలిలో తేమ 30 శాతం ఉన్నచోట చెక్కలో తేమ సుమారు 6 శాతానికి వస్తుంది, 65 శాతం ఉన్నచోట 12 శాతానికి పోతుంది. నేను కొలరాడో ఎండలో బిగించిన స్టాక్ తేమ ఎక్కువ ఉండే టెక్సాస్ సముద్ర తీరానికి వెళితే మొదటి ఏడాది కొంచెం కదలక తప్పదు. మీరు హ్యూస్టన్ వైపు ఉంటే ఇది గుర్తు పెట్టుకోండి.

మీ ఒంటి కొలతలు. దీని గురించి ఎవరూ సరిగా చెప్పరు, కాని చేతిపనికి డబ్బు పెట్టడానికి నా దృష్టిలో బలమైన కారణం ఇదే. ట్రిగ్గర్ నుంచి మడమ దాకా ఉండే పొడవు ఫ్యాక్టరీ రైఫిళ్ళలో సాధారణంగా 13.5 అంగుళాల దరిదాపుల్లో ఉంటుంది. ఆరడుగుల మనిషికీ అదే, అయిదున్నర అడుగుల మనిషికీ అదే. చెంప ఆనే అంచు ఎత్తు ఇంకా ముఖ్యం. పాత స్టాకులు ఇనుప గుర్తులతో గురి చూడటానికి చేసినవి, కాబట్టి ఆ అంచు కిందికి వాలి ఉంటుంది. పైన టెలిస్కోపు పెట్టాక చెంప గాలిలో తేలుతుంది, ప్రతిసారీ మెడ ఎత్తి కన్ను వెతుక్కోవాలి. తన్నుడు కూడా అప్పుడే ఎక్కువ అనిపిస్తుంది, ఎందుకంటే అంచు ఆనుకుని ఉండాల్సింది పోయి ఎదురు వచ్చి దవడకు కొడుతుంది.

నా దగ్గరికి వచ్చిన ఒక పొడుగాటి ఆసామి, ఆరడుగుల నాలుగు అంగుళాలు, తన రైఫిల్ "గాడిదలా తన్నుతోంది" అని అమ్మేద్దామనుకున్నాడు. కొలతలు తీస్తే ఆయనకు 14.4 అంగుళాల పొడవు కావాలి, చెంప అంచు అర అంగుళం పైకి లేవాలి. ఆయనకు కొత్త స్టాక్ చేయలేదు. మందమైన రబ్బరు మడమ, చెంప కింద కట్టుకునే తోలు దిండు, రెండూ కలిపి 90 డాలర్లు. ఆ రైఫిల్ ఇప్పటికీ ఆయన దగ్గరే ఉంది. ఆ రోజు నేను పోగొట్టుకున్న పని గురించి మా ఆవిడ ఇప్పటికీ గుర్తు చేస్తుంది.

నూనె పూత, గళ్ళ సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను. నూనె అంటే ప్రధానంగా అవిసె నూనె. ముందు తడిగుడ్డతో చెక్క నూగును లేపి, ఆరాక దాన్ని గీకేసి, ఆ తరువాత నూనెతో పాటే గరుకు కాగితం పట్టి, రాలిన చెక్క పొడితోనే రంధ్రాలు పూడ్చి, పల్చటి పూతలు పదిహేను దాకా వేస్తాను. చేతి శ్రమ 26 గంటలే, పూతకూ పూతకూ మధ్య ఆరడానికి మాత్రం నెలన్నర పడుతుంది. గడువు 14 నెలలు కావడానికి ఇదీ ఒక కారణం; మీ ముందు క్యూలో ఉన్నవాళ్ళు మరో కారణం. ఇక గళ్ళు. అంగుళానికి 24 గీతల చొప్పున, పొడవు వెడల్పుకు మూడు రెట్లు ఉండే వజ్రాకారపు గడులు చదరపు అంగుళానికి సుమారు 345 వస్తాయి. ప్రతి గీతనూ మూడు నాలుగు దఫాలుగా లోతు చేయాలి. చెయ్యి తడిసినా పిడి జారకుండా ఉండటానికి అంగుళానికి 20 గీతలు, చిన్న మేర చాలు. అంతకు మించినదంతా అలంకారం.

ధరలో కనిపించని మరో అంశం నష్టభయం. ఆరేళ్ళ క్రితం ఒక టర్కిష్ పలక మీద 61 గంటలు పని చేశాక, మడమ కింది అంచు రూపం తీస్తుంటే ఆకురాయి కింద ఒక నల్లటి గీత కనిపించింది. చెట్టు ఎప్పుడో గాయపడినప్పుడు లోపలికి పోయిన బెరడు అది. బయటి నుంచి ఎవరికీ తెలియదు. మైనం పెట్టి కప్పి ఇచ్చేవాళ్ళు ఉన్నారు. నేను ఆసామికి ఫోను చేసి చెప్పి, నా ఖర్చుతో మరో పలక కొని మొదటి నుంచీ మొదలుపెట్టాను. ఆ ఏడాది మిగతా ఆరు స్టాకుల ధరలోనూ ఆ నష్టం కొంత కలిసింది. మంచి పనివాడి ధరలో ఇలాంటి పలకల ఖరీదు ఎప్పుడూ ఉంటుంది, ఉండాలి కూడా.

మరి ఎక్కడ తగ్గించుకోవచ్చు? మీ స్థానంలో నేనుంటే చారల మీద, గళ్ళ మీద, ఉక్కు అలంకారాల మీద తగ్గించుకుంటాను. నార నడకలో, పొదగడంలో, కొలతల్లో మాత్రం పైసా తగ్గించను. తిన్నని నార ఉన్న మామూలు వాల్‌నట్ పలక, యాక్షన్ కూర్చునేందుకు యంత్రం మీద కోసిన గుంటకు చేతితో తుది అతుకు, లగ్ వెనక ఎపాక్సీ, మీ కొలతలకు తీసిన ఆకారం, రబ్బరు మడమ, అంగుళానికి 20 గీతల చిన్న గళ్ళు. ఇలా చేస్తే నా లెక్కన 60 గంటలకు మించదు, అంటే చెక్కతో కలిపి 3,000 డాలర్ల లోపే. వేటకు పట్టుకెళ్ళే రైఫిల్‌కు ఇంతకంటే అవసరం లేదు.

మన వైపు వడ్రంగి చేత చేయించే ఆలోచన గురించి. బొబ్బిలిలో ఒకే పనస దుంగలోంచి వీణ తొలిచే పనివాళ్ళ చేతికి స్టాక్ చెక్కే నేర్పు లేదని నేను అనను, నాకంటే ఎక్కువే ఉంటుంది. చిక్కు వేరే చోట ఉంది. స్టాక్ చెక్కాలంటే రైఫిల్ పక్కన ఉండి తీరాలి, ఫొటోలూ కొలతలూ పంపితే పొదగడం కుదరదు. రైఫిల్‌ను సముద్రం దాటించాలంటే రెండు దేశాల ఆయుధ చట్టాల అనుమతులు కావాలి, ఆ ఖర్చుకూ తిరుగుడుకూ ఇక్కడే ఒక స్టాక్ వచ్చేస్తుంది. దాని గురించి మరచిపోండి.

మీకు ధర చెప్పిన పనివాడి దగ్గరికి వెళ్ళినప్పుడు, ఆయన చేసిన స్టాక్ ఒకటి చూపించమని, మడమ పలక రెండు మరలూ విప్పమని మర్యాదగా అడగండి. పలక కింద నార కొనలు పచ్చిగా, పొడిగా కనిపిస్తే లేవండి. చెక్కలోకి తేమ ఎక్కువగా దూరేది ఆ కొనల నుంచే, అక్కడ నూనె పట్టించడానికి పట్టేది పది నిమిషాలు. లోపల కూడా బయటి లాగే నిగనిగలాడుతుంటే ఆయన 7,800 అడగడానికి అర్హుడు. అలాగే అడ్వాన్స్ తీసుకునే ముందు ఆయన మీ చేత రైఫిల్ భుజానికి పెట్టించి కొలతలు తీశాడో లేదో చెప్పండి.

వీటన్నిటి కంటే ముందు మీ పాత స్టాక్‌ను పారేయకండి, దానితో ఇంకొక్క గుండు కూడా పేల్చకండి. పగులు శుభ్రంగా ఉండి, నూనె లోపలికి దిగకపోతే ఎపాక్సీతో, లోపల ఒక ఇత్తడి మరతో దాన్ని బిగించవచ్చు. నేను దానికి 200 డాలర్లు తీసుకుంటాను, అతికిన చోటు పక్క చెక్క కంటే గట్టిగా ఉంటుంది. యాక్షన్ విప్పి ట్యాంగ్ వెనక చెక్క నలిగి మెరుస్తోందా, లగ్ ఆనే గోడ మీద మెరుపు ఒక మూలనే ఉందా అన్నది వెలుతురులో ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. అది చూస్తే పాత స్టాక్ నిలుస్తుందో లేదో చెప్పగలను.